శూన్యంలో బాంబులు, కథలో వంశాలు

మా కాలేజీ స్టాఫురూములో ఫిజిక్సు చెప్పే మిత్రుడొకాయన ఉన్నాడు. ‘స్టార్ వార్స్’ చిత్రాలంటే ఆయనకు ప్రాణం. కాని 2017లో వచ్చిన ‘ద లాస్ట్ జెడై’ని మాత్రం ఆయన ఈనాటికీ క్షమించలేదు. "శూన్యంలో బాంబులు కిందికి ఎలా పడతాయండీ? అసలు అక్కడ కింద అంటే ఏమిటి?" అని అడుగుతాడు. పక్క కుర్చీలో కూచునే చరిత్ర లెక్చరరు నవ్వి, "తోలుబొమ్మలకు ఎముకలున్నాయా అని అడిగినట్టుంది మాస్టారూ మీ ప్రశ్న. అది కట్టుకథ. కట్టుకథలో నిజమేమిటి?" అంటాడు. ఈ సంవాదం నేను పదిసార్లైనా విని ఉంటాను. ఇద్దరూ చదువుకున్నవాళ్ళు. ఇద్దరూ మన సభలకు వచ్చేవాళ్ళే. అందుకనే ఇద్దరిమీదా నాకు ఫిర్యాదు ఉంది.

ఈ తగువు మా స్టాఫురూముతో పోయేది కాదు. ఆ చిత్రం విడుదలైన నాటినుంచి అమెరికాలో దాని అభిమానులు రెండు పక్షాలై కొట్లాడుకుంటూనే ఉన్నారు. పత్రికా విమర్శకుల్లో నూటికి తొంభైమంది దాన్ని మెచ్చారు. అభిమానుల్లో ఒక వర్గం మాత్రం ఆ భాగాన్ని అసలు కథలోంచే కొట్టివెయ్యాలని విజ్ఞాపన తయారుచేసింది; దానిమీద లక్షమందికి పైగా సంతకాలు పడ్డాయి. తీసి, ఆడి, డబ్బులు వసూలు చేసిన సినిమాను తియ్యనట్టే లెక్క కట్టమని లక్షమంది అర్జీ పెట్టుకోవడం సాహిత్య చరిత్రలో కూడా అరుదైన విషయమే. మన మిత్రులు చాలామంది దీన్ని పనిలేనివాళ్ళ గొడవగా తీసిపారేస్తారు. నేను అలా తీసిపారెయ్యలేను. కోట్లమంది చూసిన కథ పట్టుకుని లక్షలమంది ‘ఇది నిజంగా లేదు’ అని పోట్లాడుకుంటున్నారంటే, తెలిసో తెలియకో వాళ్ళు వాస్తవికత అనే ప్రశ్నమీదే పోట్లాడుకుంటున్నారన్నమాట. ఆ వాస్తవికతను వాళ్ళు వెతకవలసిన చోట వెతకడం లేదన్నదే నా అభియోగం.

చిత్రం చూడనివారికోసం రెండు మాటలు. 1977లో జార్జి లూకాస్ మొదలుపెట్టిన ఈ కథామాలను ఆయన కంపెనీతో సహా డిస్నీ సంస్థ 2012లో 405 కోట్ల డాలర్లకు కొనుక్కున్నది. కొన్న సొమ్ము రాబట్టుకోవాలి గనక వరసగా మూడు భాగాలు తీయించింది. 2015లో మొదటిది, 2017లో రియాన్ జాన్సన్ రాసి తీసిన రెండోది, 2019లో మూడోది. పాత సామ్రాజ్యం కూలిన తర్వాత దాని శిథిలాల్లోంచి ‘ఫస్ట్ ఆర్డర్’ అనే ఫాసిస్టు సైన్యం లేచింది. దాన్ని ఎదిరించే చిన్న దళం ఓడల్లో పారిపోతూ ఉంటుంది. రే అనే అనాథ పిల్ల, పాత వీరుడు లూక్‌ను వెతుక్కుంటూ ఒక దీవికి వెళుతుంది. శత్రు సైన్యంలోంచి పారిపోయి వచ్చిన ఫిన్, యంత్రాలు బాగుచేసే రోజ్, దళాన్ని కాపాడే ఉపాయం కోసం మరో గ్రహానికి వెళతారు. స్థూలంగా ఇతివృత్తం ఇదే.

బాంబుల సంగతి ముందు తేల్చుకుందాం. మొదటి ఘట్టంలోనే శత్రువుల మహానౌకమీద బాంబర్లు బాంబులు జారవిడుస్తాయి. నేలమీద పడ్డట్టే అవి వరసగా పడతాయి. మా ఫిజిక్సు మిత్రుడు ఇక్కడ తన పాఠమే కాస్త మరచిపోయాడు. ఆ ఓడల్లో మనుషులు తేలిపోకుండా నిలబడి నడుస్తున్నారు; అంటే లోపల ఏదో కృత్రిమమైన ఆకర్షణ ఉన్నదని ఈ కథ 1977 నుంచీ ఒప్పించుకుంటూనే వచ్చింది. లోపలి అరలో ఆ ఆకర్షణవల్ల కదిలిన బాంబు గుమ్మం దాటి శూన్యంలోకి వచ్చాక ఎందుకు ఆగాలి? ఆపడానికి అక్కడ గాలి కూడా లేదే! న్యూటన్ మొదటి సూత్రం ప్రకారం అదే దిక్కున అదే వేగంతో పోతూ ఉండవలసిందే. పోనీ, దర్శకుడు ఇదంతా ఆలోచించి తియ్యలేదు, తప్పే చేశాడు అనుకుందాం. 1980లో వచ్చిన ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’లో శత్రు విమానాలు గ్రహశకలంమీద బాంబులు వేస్తూ పోతాయి. అప్పుడు ఎవరూ అర్జీ పెట్టలేదు. ధ్వనికి మాధ్యమం కావాలని హైస్కూలు పిల్లవాడికి తెలుసు; ఆ చిత్రాల్లో మాత్రం శూన్యంలో ఇంజన్లు నలభయ్యేళ్ళుగా గర్జిస్తూనే ఉన్నాయి. మొదటి చిత్రంలోని ఆకాశయుద్ధాలను రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల పోరాట దృశ్యాలను నమూనాగా పెట్టుకుని కూర్చారన్నది దాచిన రహస్యం కాదు. గాలే లేనిచోట ఆ విమానాలు రెక్క వాల్చి మలుపు తిరుగుతాయి. అభిమానులు దాన్ని ప్రేమించారు.

తమాషా ఏమంటే, ఇదే చిత్రంలో ఒకచోట దర్శకుడు శూన్యాన్ని శూన్యంగానే చూపించాడు. హోల్డో అనే సేనాని తన ఓడను కాంతివేగాన్ని మించిన ప్రయాణానికి సిద్ధంచేసి శత్రునౌకలోకి దూకించినప్పుడు సుమారు పది సెకన్లపాటు తెరమీద చప్పుడు ఉండదు. ఓడ చీలిపోతుంది, వెలుగు పగులుతుంది, హాలంతా నిశ్శబ్దం. అమెరికాలో ఒక థియేటరువాళ్ళు, శబ్దయంత్రం చెడిపోలేదు, చిత్రంలోనే అలా ఉంది అని నోటీసు అంటించవలసి వచ్చింది! శాస్త్రానికి కట్టుబడిన పది సెకన్లు ప్రేక్షకుడికి యంత్రలోపంగా కనిపించాయన్నమాట.

లేయా పాత్రమీద వచ్చిన రగడ ఇంకా పెద్దది. ఓడ ముందరి గది పేలిపోయి ఆమె శూన్యంలోకి విసిరివేయబడుతుంది. కాసేపటికి కళ్ళు తెరిచి, ‘ఫోర్స్’ అనే మహిమతో తేలుతూ ఓడలోకి తిరిగి వస్తుంది. వెంటనే గడ్డకట్టి చావాలి, పేలిపోవాలి అని కేకలు వేశారు. నిజానికి శూన్యంలో మనిషి పేలిపోడు. 1966లో హ్యూస్టన్‌లో ఒక పరీక్షా గదిలో అంతరిక్షపు దుస్తులకు గాలి ఇచ్చే గొట్టం ఊడిపోయి ఒక సాంకేతికుడు దాదాపు శూన్యంలో చిక్కుకున్నాడు. సుమారు పద్నాలుగు సెకన్లలో స్పృహ తప్పింది. తిరిగి గాలి నింపితే బతికాడు. 1971 జూన్‌లో సోయూజ్ 11 నౌకలో ముగ్గురు సోవియట్ వ్యోమగాములు, దొబ్రవోల్స్కీ, వోల్కొవ్, పత్సాయెవ్, సల్యూత్ కేంద్రంలో మూడు వారాలకు పైగా పనిచేసి భూమికి తిరిగి వస్తూ, ఒక కవాటం తెరుచుకుని గాలి పోయినందువల్ల చనిపోయారు. వాళ్ళ ఒంటిమీద శూన్యంనుంచి కాపాడే దుస్తులు లేవు. ఇరుకైన నౌకలో ముగ్గురికీ వాటికి చోటు లేదు. శూన్యంలో మనిషి ఎలా చస్తాడో మనకు తెలిసింది అలాంటి మనుషుల ప్రాణాలు పెట్టి. ఆ విషయాన్ని నిజంగా గౌరవించేవాడు లేయా సన్నివేశాన్ని చూసి తప్పనవచ్చు, నేను కాదనను. కాని 1980లో గాలి ముసుగు మాత్రం తగిలించుకుని గ్రహశకలపు గుహలో నడిచిన ఇదే లేయాను చూసి చప్పట్లు కొట్టిన చేతులు ఇప్పుడు శాస్త్రం పేర అభ్యంతరం రాస్తుంటే, శాస్త్రం సాకు మాత్రమేనని నాకు అనుమానం వస్తుంది.

అలాగని చరిత్ర లెక్చరరు మాట నేను ఒప్పుకోను. కట్టుకథకు నిజంతో పనిలేదనడం సాహిత్యం చదివిన వాళ్ళెవరూ అనవలసిన మాట కాదు. జరగడానికి వీల్లేనిది నమ్మేటట్టు చెప్పడం, జరగడానికి వీలున్నది నమ్మకుండా చెప్పడం కంటే మేలన్నది అరిస్టాటిల్ నాటి మాట. రసభంగానికి అనౌచిత్యం ఒక్కటే కారణమని మన ఆనందవర్ధనుడు తొమ్మిదో శతాబ్దంలోనే తేల్చాడు. మనవాళ్ళలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ కంటే విడ్డూరమైన కథ ఎవరు చెప్పారు? కాని ఆ విడ్డూరమంతా ఒకే నియమంమీద నడుస్తుంది. బ్రహ్మ సరస్వతికి వేడుకగా చెప్పిన కథ, బ్రహ్మవాక్కు గనక, భూమిమీద జరిగి తీరాలి. ఎన్ని మెలికలు తిరిగినా సూరన ఆ నియమాన్ని తప్పడు. ఏనుగు ఎగరవచ్చు, ఒక అధ్యాయంలో ఎగిరిన ఏనుగు మరో అధ్యాయంలో గోడ దాటలేక ఏడిస్తే మాత్రం కవిని నిలదియ్యవలసిందే.

ఈ లెక్కన చూస్తే అభిమానుల ఆరోపణల్లో కొన్ని గట్టివే. నేను ఇంతకుముందు మెచ్చుకున్న ఆ నిశ్శబ్దపు ఘట్టమే తీసుకోండి. ఒక్క ఓడతో అంత నౌకాదళాన్ని చీల్చడం సాధ్యమైతే, 1977లో గ్రహాలను పేల్చే యుద్ధకేంద్రంమీదికి చిన్న విమానాల్లో అంతమంది కుర్రవాళ్ళను చావడానికి ఎందుకు పంపించారు? ఒక యంత్రమనిషిని కూచోబెట్టి ఖాళీ ఓడ తోలితే సరిపోయేది గదా? ఇది భౌతికశాస్త్రపు ప్రశ్న కాదు. ఆ కథ తనకు తాను పెట్టుకున్న చట్టం గురించిన ప్రశ్న. దీనికి నిర్మాతలు 2019 చిత్రంలో ఇచ్చిన జవాబు, అది పది లక్షల్లో ఒకసారి కుదిరే ఎత్తు అని ఒక పాత్రచేత అనిపించడం. అంటే పడ్డ చిల్లుకు కాగితం అంటించారు.

లూక్ పాత్ర విషయం దీనికంటే బరువైనది. లోకమంతా రాక్షసుడని వెలివేసిన తండ్రిని చంపనని 1983 చిత్రంలో ఖడ్గం పారేసినవాడు లూక్. ఆ లూక్, నిద్రపోతున్న మేనల్లుడి మనసులో చీకటి కనిపించిందని క్షణకాలం అతనిమీద కత్తి ఎత్తాడట. ఆ సిగ్గుతో దీవిలో దాక్కున్నాడట. ఆ పాత్ర ధరించిన మార్క్ హామిలే మొదట దర్శకుడితో గట్టిగా విభేదించినట్టు బాహాటంగా చెప్పాడు. మా లూక్ ఇలా చెయ్యడు అంటారు అభిమానులు. వీరుడు ముప్ఫయ్యేళ్ళు మారకుండా ఉండాలనడం విగ్రహారాధన. మనుషులు మారతారు, ఉద్యమాల్లో పనిచేసినవాళ్ళు మరీ మారతారు. నిన్నటి త్యాగమూర్తి ఇవాళ తలుపు వేసుకుని కూచోవడం మనం చూడనిది కాదు. ఆ ఒక్క రాత్రినే లూక్ చెప్పినట్టూ, మేనల్లుడు చెప్పినట్టూ, చివరికి లూక్ ఒప్పుకున్నట్టూ మూడు విధాలుగా చూపడంలో దర్శకుడి శిల్పం మెచ్చుకోదగ్గదే. లోపం ఎక్కడంటే, మార్పు ఉంది గాని మార్పుకు దారి లేదు. 1983 మనిషికీ 2017 మనిషికీ మధ్య ఏ అనుభవాలు ఏ ఒత్తిడితో ఆ చేతిని లేపాయో చిత్రం చూపదు, చెప్పి ఊరుకుంటుంది. కారణం చూపని మార్పు, పాత్ర ఎంత మానవసహజంగా ఉన్నా, రచయిత ఆజ్ఞలాగే కనిపిస్తుంది. అభిమానులకు నొప్పి తెలిసింది, పుండు ఎక్కడుందో తెలియలేదు.

ఇక ఎవరూ సరిగా పట్టించుకోని సంగతి. 1888లో ఎంగెల్స్, మార్గరెట్ హార్క్‌నెస్ అనే రచయిత్రికి ఆమె నవల ‘సిటీ గర్ల్’ చదివి ఒక లేఖ రాశాడు. వివరాల్లో నిజం ఉంటే చాలదు, ప్రాతినిధ్యం వహించే పరిస్థితుల్లో ప్రాతినిధ్యం వహించే పాత్రలను నిజంగా చూపాలన్నది ఆ లేఖలో సారం. ఆ మాట మనవాళ్ళందరికీ కంఠతా వచ్చు. అదే లేఖలో ఆమెమీద ఆయన చేసిన ఫిర్యాదు మాత్రం మనకు అంతగా జ్ఞాపకం ఉండదు. లండన్ ఈస్ట్ ఎండ్ కార్మికులను ఆమె తమకు తాము ఏమీ చేసుకోలేని జడసముదాయంగా చిత్రించిందనీ, పైనుంచి ఎవరో వచ్చి ఎత్తితే తప్ప లేవనివాళ్ళుగా చూపిందనీ ఆ ఫిర్యాదు. శూన్యంలో బాంబు పడుతుందా అన్నది వివరాల నిజం. ఆ శూన్యంలో ఎవరు ఎవరికి ఊడిగం చేస్తున్నారు, ఎవరు వాళ్ళను విడిపించగలరు అన్నది రెండో నిజం. అభిమానుల తగువులో మొదటిదానికి వెయ్యి పేజీలు ఖర్చయితే, రెండోదానికి పది కూడా కాలేదు.

ఫిన్, రోజ్ వెళ్ళిన ఆ నగరం పేరు కాంటో బైట్. జూదశాలలు, మద్యం, నగలు, పందేల జంతువులు. రోజ్ అక్కడి వైభవాన్ని చూసి మురిసిపోయిన ఫిన్‌కు అసలు సంగతి చెబుతుంది. ఈ ధనమంతా ఫస్ట్ ఆర్డర్‌కు ఆయుధాలు అమ్మి సంపాదించినది. ఆమె పుట్టింది గనుల ప్రాంతంలో. వాళ్ళ ఖనిజాన్ని ఆ సైన్యమే తవ్వుకుపోయి, ఆపైన తన ఆయుధాలు పరీక్షించుకోవడానికి వాళ్ళమీదే గుళ్ళు కురిపించింది. మరికాసేపటికి మరో పాత్ర, ఆ ఆయుధవర్తకుడే ఎదిరించే దళానికి కూడా విమానాలు అమ్మాడని లెక్కల పుస్తకం తీసి చూపిస్తాడు. కోట్ల డాలర్ల వ్యాపారచిత్రంలో ఈ రెండు మాటలు పడడం చిన్న విషయం కాదు. చిత్రం బాగాలేదన్నవాళ్ళు ఎక్కువగా విసుక్కున్నది ఈ భాగాన్నే. కథకు అడ్డం అన్నారు. నాకు మాత్రం ఈ నలభయ్యేళ్ళ కథామాలలో యుద్ధానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందని సూటిగా అడిగిన ఘట్టం ఇదేననిపిస్తుంది.

అడిగాక ఏం చేశారో చూడండి. పందేల జంతువుల సాలలో చిన్నపిల్లలు పనిచేస్తుంటారు. చిరిగిన బట్టలు, యజమాని కొరడా. ఫిన్, రోజ్ ఆ పిల్లల సాయంతోనే జంతువులను వదిలిపెడతారు. మంద నగరం మధ్యలోంచి దూసుకుపోతుంది. అద్దాలు పగులుతాయి, షరాబుల ముఖాలు మాడిపోతాయి. చివరకు ఒక కొండ అంచున రోజ్ ఆ జంతువు వీపుమీది జీను విప్పి దాన్ని అడవిలోకి పంపి, ఇప్పుడు మనం వచ్చిన పని సార్థకమైందన్నట్టు మాట్లాడుతుంది. మరి పిల్లలు? పిల్లలు సాలలోనే ఉన్నారు. వాళ్ళకు దక్కింది ఒక ఉంగరం, ఆ వెనక యజమాని చేతిలో పడ్డ తిట్లు. జంతువుల జీను విప్పడానికి తీరిక చిక్కిన విప్లవకారులకు పిల్లల సంకెల గుర్తు రాలేదు. రచయితకు కూడా రాలేదు. అది రోజ్ లోపమైతే, గనుల్లో పుట్టినదానికి ఆ మరపు ఎలా వచ్చిందో చూపాలి. చూపలేదు గనక అది రచయిత లోపమే. ఈ కథామాలకు ఇది పాత జబ్బు. 1999 చిత్రంలో ఒక జెడై మహాశయుడు బానిస బాలుడు అనాకిన్‌ను విడిపించి తీసుకుపోతాడు. తల్లి ష్మిని బానిసగానే వదిలి వెళతాడు. బిడ్డలో మహిమ ఉంది, తల్లిలో లేదు. బానిసత్వాన్ని ఒక మెరిట్ పరీక్షగా మార్చేసిన ఆ ఘట్టమ్మీద ఎవరూ అర్జీ పెట్టలేదు!

హోల్డో, పో డామెరన్‌ల తగువు కూడా ఇక్కడే చెప్పాలి. దళం ఓడలో ఇంధనం అయిపోతోంది. హోల్డోకు ఒక పథకం ఉంది. చిన్న ఓడల్లో రహస్యంగా దగ్గరి గ్రహానికి జారుకోవడం. ఆమె అది తన విమానచోదకులకు చెప్పదు. పో తిరగబడతాడు, రహస్యం మరోదారిన పొక్కుతుంది, చిన్న ఓడలు చాలామటుకు నాశనమవుతాయి. నాయకత్వాన్ని నమ్మడం నేర్చుకోవాలని చిత్రం పోకు పాఠం చెబుతుంది. స్త్రీ నాయకత్వాన్ని సహించలేని దుడుకు కుర్రవాడికి బుద్ధి చెప్పారని మన మిత్రులు కొందరు దీన్ని పొగిడారు. ఆ దుడుకుతనం ఉన్నమాట నిజమే. కాని చావబోయేవాళ్ళకు పథకం ఎందుకు చెప్పకూడదు? తీర్మానం పైన జరుగుతుంది, కార్యకర్త విధేయుడై ఉండాలి, అడిగితే క్రమశిక్షణ తప్పినట్టు — ఈ సంప్రదాయం మనకు కూడా పరాయిది కాదు గనక, దాన్ని తెరమీద చూసి చప్పట్లు కొట్టేముందు కాస్త ఆలోచించి ఉండవలసింది. ఇక్కడ అభిమానులే న్యాయంగా మాట్లాడారు. ఆమె ఒక్క మాట చెప్పి ఉంటే సగం కథే లేదన్నారు.

ఇన్ని లోపాలున్న ఈ చిత్రాన్ని పట్టుకుని నేను ఎందుకు వేళ్ళాడుతున్నాను? ఒక్క కారణం. ఈ కథామాల 1977లో ఒక పొలంలో పెరిగిన కుర్రవాడితో మొదలైంది. 1980 నాటికి అతను మహాసేనాని కొడుకని తేలింది. 1983కి రాకుమారి అతని చెల్లెలని తేలింది. 1999లో మహిమ నెత్తుటిలో ఉంటుందనీ, నెత్తురు పరీక్షించి కొలవవచ్చనీ చెప్పారు. గెలాక్సీ అంత విశాలమైన లోకంలో చరిత్ర అంతా ఒక్క కుటుంబం పంచాయితీగా కుంచించుకుపోయింది. 2017 చిత్రం ఒక్కటే దీన్ని ఎదిరించింది. నా తల్లిదండ్రులు ఎవరని రే కుమిలిపోతుంటే, వాళ్ళు ఎవరూ కారు, తాగుడు డబ్బులకోసం నిన్ను అమ్మేసినవాళ్ళు అని జవాబు వస్తుంది. చివరి దృశ్యంలో సాలలోని ఒక అనామకుడైన పిల్లవాడు చీపురును చెయ్యి తగలకుండానే చేతిలోకి రప్పించుకుంటాడు. శక్తి వంశంలో లేదు, ఎవరిలోనైనా ఉండవచ్చు అన్నది ఈ రెండు దృశ్యాల అర్థం.

అభిమానుల్లో అధికభాగం నొచ్చుకున్నది ఇక్కడేనని నా నిశ్చయం. బాంబులు, ఇంధనం, గడ్డకట్టడం ఆ నొప్పికి తొడిగిన శాస్త్రీయ వేషాలు. రెండేళ్ళపాటు వాళ్ళు రే ఎవరి కూతురు, ఎవరి మనవరాలు అని పందేలు కట్టి ఊహాగానాలు చేశారు; ఎవరి కూతురూ కాదంటే మోసపోయామన్నారు. కంపెనీవారు ఆ మాట విన్నారు. 2019లో జె. జె. ఏబ్రమ్స్ తీసిన ‘ద రైజ్ ఆఫ్ స్కైవాకర్’లో రే చక్రవర్తి పాల్పటీన్ మనవరాలని తేల్చారు. చివర్లో ఆమె చక్రవర్తి పేరు వదిలి స్కైవాకర్ అన్న పేరు తగిలించుకుంటుంది. ఒక వంశం కాదంటే ఇంకో వంశం. వంశం లేకుండా మాత్రం ఉండకూడదు! ఎప్పుడో చచ్చాడనుకున్న చక్రవర్తి ఎలా లేచి వచ్చాడో ఆ చిత్రం చెప్పనే లేదు. ఇంతకంటే పెద్ద అనౌచిత్యం ఏ అలంకారికుడికీ ఊహకు అందదు. ఆ చిత్రాన్నీ చాలామంది తిట్టారు. వసూళ్ళు 133 కోట్ల డాలర్లనుంచి 107 కోట్లకు తగ్గాయి. అయితే వంశవృక్షం దొరికినందుకు సంతోషించినవాళ్ళు కూడా తక్కువేం కాదు.

‘సహజంగా లేదు’ అన్న మాట ఎంత దూరం పోగలదో రోజ్ పాత్ర ధరించిన కెలీ మరీ ట్రాన్ విషయంలో చూశాం. వియత్నాం శరణార్థుల కూతురు. ఆ గెలాక్సీలో ఆమె ముఖం ఇమడలేదన్నారు. ఆమె ఒంటిని, ఆమె జాతిని తిట్టారు. చేపమొహాలవాళ్ళూ, రెండు గజాల పొడుగు రోమజీవులూ సహజంగా కనిపించినవారికి ఒక వియత్నాం పిల్ల అసహజంగా కనిపించింది. 2018 జూన్‌లో ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో తన రాతలన్నీ తీసేసి, ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసి తాను ఎందుకు మౌనం వహించిందో చెప్పుకున్నది. పెద్ద సామ్రాజ్యాన్ని ఎదిరించే చిన్న దళం అన్న తన ఊహకు వియత్నాం యుద్ధం ప్రేరణ అని లూకాస్ అనేకసార్లు చెప్పాడు. వియత్నాం పోరాటాన్ని కథగా ప్రేమించి, వియత్నాం మనిషిని తెరమీద సహించలేకపోయారు. కంపెనీవారి ధైర్యం ఎంతో తర్వాతి చిత్రంలో తేలింది. రోజ్ తెరమీద కనిపించేది మొత్తం కలిపితే రెండు నిమిషాలు కూడా లేదు. ఫిన్ పాత్రధారి జాన్ బొయేగా 2020లో ఒక పత్రికతో మాట్లాడుతూ, తెల్లవారు కాని నటులను ప్రచారానికి ముందు నిలబెట్టి తర్వాత పక్కకు నెట్టారని డిస్నీని నేరుగా తప్పుపట్టాడు. 2017 చిత్రాన్ని కాదన్న ప్రతివాడూ జాత్యహంకారి అని నేను అనను. లూక్ విషయంలో నిజంగా బాధపడ్డ నా విద్యార్థులు నాకు తెలుసు. కాని శాస్త్రం, ఔచిత్యం, సహజత్వం వంటి మర్యాదైన మాటల వెనక ఎవరు నిలబడి మాట్లాడుతున్నారో చూసుకోకపోవడం వాళ్ళ తప్పు.

మన పక్షంలోనూ ఒక తప్పు జరిగింది. తిరోగమనవాదులు తిట్టారు గనక ఈ చిత్రం అభ్యుదయ చిత్రమేనని కొందరు మిత్రులు జెండా కట్టేశారు. శత్రువు తిట్టడం యోగ్యతాపత్రం ఎలా అవుతుంది? ఆయుధవర్తకుల సంగతి ఎత్తి దించేసిన చిత్రం ఇది. పిల్లలను సాలలో వదిలేసిన చిత్రం. ఎంగెల్స్ హార్క్‌నెస్‌తో అన్నమాట దీనికి అక్షరాలా వర్తిస్తుంది. ఆ పిల్లవాడు చీపురు పట్టుకుని ఆకాశంలోకి చూస్తాడు, తోటి పిల్లవాడు బొమ్మలతో చెప్పే లూక్ కథ వింటాడు, ఎవరో వస్తారని ఎదురుచూస్తాడు. పక్కనున్న ఇద్దరు పిల్లలతో కలిసి తలుపు తియ్యవచ్చునన్న ఊహ అతనికి ఎవరూ ఇవ్వలేదు. ఇంకొందరు మిత్రులు, డిస్నీ సరుకులో ఇంతకంటే ఏం ఆశిస్తావు అంటారు. ఆ మాట అనేవాళ్ళు ఆ లేఖ చివరిదాకా చదవాలి. రాజభక్తుడైన బాల్జాక్ తన అభిప్రాయాలకు విరుద్ధంగా తన ప్రియమైన ప్రభువుల పతనాన్ని నిజాయితీగా చూపాడని ఎంగెల్స్ మెచ్చుకున్నాడు. వర్తకుడి చేతిలోని కథలోనూ అప్పుడప్పుడు నిజం తలుపు సందులోంచి తొంగిచూస్తుంది. 2017లో చూసింది. రెండేళ్ళకు ఆ తలుపు మూశారు. ఎవరు మూశారో, ఎవరు మూయమని అడిగారో చెప్పడం విమర్శకుడి పని. సరుకు అని ముక్కు మూసుకుంటే ఆ పని జరగదు.

ఇది రాయబోయేముందు మా ఫిజిక్సు మిత్రుణ్ణి ఒక ప్రశ్న అడిగాను. ఆయన ఆ చిత్రాన్ని తిట్టుకుంటూనే నాలుగుసార్లు చూశాడు. బాంబర్లు ఎన్ని వచ్చాయో, ఏది ముందు పేలిందో వరసగా చెప్పగలడు. "ఇంతకీ ఆ సాలలో పిల్లలు చివరికి ఏమయ్యారంటారు?" అన్నాను.

"ఏ పిల్లలు?" అన్నాడాయన.